నీళ్లు కాగడం తేలిక, కాగిన నీళ్లు దాచడమే కష్టం

బెంగళూరులో ట్యాంకర్ల మీద నడిచే అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకు ఈ అనుభవం కొత్త కాదు. పొద్దున్నే మిద్దె మీద ట్యాంకు ఖాళీ అయిపోయి ఉంటుంది, ట్యాంకర్ ఇంకా గేటు దాకా రాలేదు, పోనీలే గీజర్ నిండా కాగిన నీళ్లున్నాయి కదా అని ధైర్యంగా కుళాయి తిప్పితే రెండు చుక్కలు రాలి ఆగిపోతాయి. 25 లీటర్లు లోపలే ఉన్నాయి. వేడిగానే ఉన్నాయి. బకెట్లోకి మాత్రం రావు. గీజర్ పాడైందేమోనని టెన్షన్ పడనక్కర్లేదు, దాన్ని తయారు చేసిందే అలా. ఎందుకలా అన్నది ఒక్కసారి అర్థమైతే ఇంట్లో వేడినీళ్లు దాచే ఏ ఏర్పాటైనా సగం అర్థమైనట్టే, అది గోడకు తగిలించిన గీజర్ కానీ, మిద్దె మీద సోలార్ కానీ, ఈమధ్య పెద్ద ఇళ్లలో కనిపిస్తున్న హీట్ పంప్ కానీ.

నిజానికి ఈ పద్ధతి గీజర్లతో మొదలైంది కాదు. పాత ఇళ్లలో పెరట్లో రాగి బాయిలర్ ఉండేది. నడుమ ఒక గొట్టం, అందులో బొగ్గులో కొబ్బరి చిప్పలో వేసి రాజేస్తే చుట్టూ ఉన్న నీళ్లు కాగేవి. ఒక పక్క గరాటులో చెంబుడు చన్నీళ్లు పోస్తే రెండో పక్క కొమ్ములోంచి చెంబుడు వేడినీళ్లు బకెట్లో పడేవి. పోసినన్ని వస్తాయి, పోయకపోతే రావు. చన్నీళ్లు పోస్తే వేడినీళ్లు వస్తున్నాయేమిటని పిల్లలకు అదొక వింత. గరాటులో పోసిన నీళ్లు అడుక్కి దిగి, పైనున్న వేడినీళ్లను కొమ్ములోకి నెట్టేవి, అంతకుమించి అందులో ఏమీ లేదు. ఇవాళ్టి గీజర్‌లో గరాటు ఉండాల్సిన చోట మిద్దె మీద ట్యాంకు ఉంది, కొమ్ము ఉండాల్సిన చోట షవర్ ఉంది. నెట్టడానికి చన్నీళ్లు లేని రోజున లోపలి వేడినీళ్లు కదలవు.

కర్ణాటక ఊళ్లలో స్నానాల గదిలో పొయ్యి మీద కట్టేసిన రాగి హండె ఉంటుంది, దాని తీరు వేరు. అందులోంచి చెంబుతో ముంచుకుంటారు, తగ్గినకొద్దీ పైనుంచి చన్నీళ్లు పోస్తారు, పోసినవి పోసినట్టే వేడినీళ్లలో కలిసిపోతాయి. ముగ్గురు స్నానం చేసేసరికి మొత్తం హండె గోరువెచ్చగా తయారవుతుంది, మళ్లీ కట్టెలు ఎగదోయాల్సిందే. బాయిలర్‌లో అలా కాదు, చివరి చెంబు దాకా వేడి నిలుస్తుంది. వేడినీ చల్లదనాన్నీ కలవనివ్వకుండా ఒకే పాత్రలో ఉంచగలగడమే నిల్వ చేసే ట్యాంకు అసలు పని. నీళ్లు కాచడం అందులో చిన్న భాగం.

నీరు వేడెక్కితే కొద్దిగా ఉబ్బుతుంది. 22 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు వెళ్లేసరికి దాదాపు ఒకటిన్నర శాతం పెరుగుతుంది, ఆ మేరకు తేలికవుతుంది. చెప్పుకోడానికి చాలా తక్కువే, అయినా వేడినీళ్లు చన్నీళ్ల మీద తేలడానికి అదే చాలు. పైగా నీటికి వేడిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి అందించే గుణం తక్కువ, అందుకని కదిలించకుండా వదిలేస్తే పైన వేడి పొర, కింద చల్లని పొర, నడుమ కొన్ని అంగుళాల మందంలో నులివెచ్చని పొర, ఇలా గంటల తరబడి ఉండిపోతాయి. గీజర్‌ను విప్పి చూస్తే లోపల అంతా ఈ పొరల్ని కాపాడే ఏర్పాట్లే. కిందనుంచి రెండు పైపులు లోపలికి వెళ్తాయి. చన్నీళ్ల పైపు పొట్టిది, అడుగునే ఆగిపోతుంది, దాని మూతి దగ్గర నీటి ధార నేరుగా పైకి చిమ్మకుండా ఒక అడ్డు ఉంటుంది. వేడినీళ్ల పైపు పొడుగ్గా ట్యాంకు నెత్తి దాకా వెళ్లి అక్కడి నీళ్లను తీసుకొస్తుంది. నీళ్లను కాచే కాయిల్ కింది భాగంలోనే ఉంటుంది, ఎందుకంటే అది తనకంటే పైనున్న నీళ్లను బాగా కాచగలదు కానీ కిందున్నవాటిని కాచలేదు.

ఒంటి నిండా సబ్బు ఉండగా షవర్ నీళ్లు ఒక్కసారిగా చల్లబడితే అందరికీ కోపం వస్తుంది. కానీ ఆ ట్యాంకు తన పని సరిగ్గా చేసిందనడానికి అదే గుర్తు. చివరి దాకా వేడి పొరను కలవకుండా నిలిపింది, పొర అయిపోగానే చన్నీళ్లు వచ్చాయి. మొదటి నిమిషం నుంచే వేడి కొద్దికొద్దిగా పడిపోతూ ఉంటేనే అనుమానించాలి, లోపల పొరలు కలిసిపోతున్నాయన్నమాట. అలా కలవడానికి మామూలుగా కనిపించే కారణం ఏమిటంటే పైపులు తారుమారు కావడం. ఇల్లు మారినప్పుడు గీజర్ విప్పి మళ్లీ బిగించే హడావుడిలో నీలం రంగు గుర్తున్న చోట బిగించాల్సిన కనెక్షన్ ఎర్ర గుర్తు దగ్గర బిగిస్తారు. అప్పుడు చన్నీళ్లు పొడుగు పైపు గుండా నెత్తి మీద పడి వేడినీళ్లలోంచి కిందికి జారుతూ కలిసిపోతాయి, అడుగున ఉన్న నీళ్లు బయటికొస్తాయి. ఎంతసేపు ఆన్ చేసి ఉంచినా నులివెచ్చగానే వస్తుంటే మెకానిక్ కాయిల్ మార్చమంటాడు, నీళ్లు తగినంత కాగగానే కరెంటు ఆపే థర్మోస్టాట్ మార్చమంటాడు, ముందుగా ఆ రెండు రంగులు ఎటున్నాయో చూసుకోవడం మేలు.

ఇంకో సంగతి అడ్డంగా బిగించే గీజర్లు. బెంగళూరు ఫ్లాట్లలో బాత్‌రూమ్ ఎత్తు తక్కువై, ఫాల్స్ సీలింగ్ పైన దాచాలని అడ్డం గీజర్ పెట్టిస్తారు. అదే 25 లీటర్లు పొడుగు డబ్బాలో నిలబడితే పొరల మధ్య ఒరుసుకునే చోటు చిన్న పళ్లెమంత ఉంటుంది, పడుకోబెడితే ట్యాంకు పొడుగంతా పరుచుకుంటుంది. కలిసిపోయే నీళ్లు పెరుగుతాయి, నిలువు గీజర్ ఇచ్చినన్ని మంచి వేడినీళ్లు అడ్డం గీజర్ ఇవ్వదు. చోటు లేకపోతే తప్పదు, అప్పుడు ఒక సైజు పెద్దది తీసుకోవడం నయం. నిలువు గీజర్‌ను పడుకోబెట్టి బిగించడం మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోకూడదు, దాని వేడినీళ్ల పైపు మూతి నెత్తిన కాకుండా ఏ పక్కకో పోతుంది, కాయిల్ నీళ్లలో పూర్తిగా మునగకపోతే కాలిపోతుంది కూడా.

సైజు గురించి షాపులో అడిగితే ఇంట్లో ఎంతమంది అని అడుగుతారు, అసలు అడగాల్సింది బకెట్ స్నానమా, షవరా అని. ఒక చిన్న లెక్క. ట్యాంకులో 60 డిగ్రీలు, చన్నీళ్లు 22 డిగ్రీలు, ఒంటికి హాయిగా ఉండేది 40 డిగ్రీలు అనుకుంటే, కలుపుకున్న నీళ్లలో వేడినీళ్ల వాటా సగం కంటే కొంచెం తక్కువ. అంటే 15 లీటర్ల గీజర్ నుంచి లెక్కకు 32 లీటర్ల స్నానపు నీళ్లు రావాలి, పొరలు కొంత కలిసిపోతాయి కాబట్టి 25 వస్తాయనుకోవచ్చు. ఒక పెద్ద బకెట్, పైన నాలుగు చెంబులు. బకెట్ స్నానం చేసే ఇంటికి అది బాగానే సరిపోతుంది, ఒకరి తర్వాత ఒకరు ఇరవై నిమిషాల తేడాతో వెళ్తే నలుగురికీ చాలు. అదే షవర్ అయితే నిమిషానికి 8 లీటర్లు పోతున్నాయనుకుంటే మూడు నిమిషాల్లో అయిపోతుంది. షవర్ ఇంటికి 25 లీటర్లు కనీసం. నెల్లూరు, విజయవాడ నుంచి వచ్చి బెంగళూరులో ఇల్లు తీసుకున్నవాళ్లు ఊళ్లో వాడిన అలవాటుతో చిన్నది కొనేస్తుంటారు. అక్కడ చలికాలం నాలుగు వారాలు వాడి మళ్లీ సంక్రాంతి పోయాక మర్చిపోయే వస్తువు అది, ఎండాకాలం అయితే మిద్దె మీది ట్యాంకు నీళ్లే చెయ్యి పెట్టనివ్వవు. సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తులో ఉన్న బెంగళూరులో వానాకాలం పొద్దున కూడా వేడినీళ్లు కావాలి, గీజర్ దాదాపు ఏడాది పొడుగునా పనిచేస్తుంది.

కరెంటు లెక్క కూడా ఇదే దారిలో వస్తుంది. 15 లీటర్లను 35 డిగ్రీలు పెంచడానికి సుమారు 0.6 యూనిట్ కావాలి, 2 కిలోవాట్ల కాయిల్ 18 నిమిషాల్లో ఆ పని చేస్తుంది. 25 లీటర్లకు ఒక యూనిట్, అరగంట. ఏ కంపెనీదైనా, ఎన్ని స్టార్లు ఉన్నా ఈ అంకె మారదు. ఈ విషయం దగ్గర చాలామంది పొరబడతారు. 5 స్టార్ గీజర్ అంటే తక్కువ కరెంటుతో నీళ్లు కాచేది అనుకుంటారు. నీళ్లలో మునిగిన కాయిల్ తీసుకున్న కరెంటు దాదాపు అంతా వేడిగా నీళ్లకే ఇస్తుంది, అక్కడ మిగల్చడానికేమీ లేదు. మన దేశంలో గీజర్‌కు ఇచ్చే స్టార్లు చెప్పేది కాగిన నీళ్లు ఊరికే ఉన్నప్పుడు రోజుకు ఎంత వేడి పోగొట్టుకుంటాయన్నది. లేబుల్ మీద ఉండే అంకె అదే, నీళ్లను బయటి గాలి కంటే 45 డిగ్రీలు ఎక్కువ వేడిగా 24 గంటలు నిలపడానికి ఎన్ని యూనిట్లు పడుతుందని.

ఉదాహరణకు 25 లీటర్ల గీజర్ మీద ఆ అంకె 0.4 అని ఉందనుకుందాం. రాత్రి పదింటికి 60 డిగ్రీలకు కాచి స్విచ్ ఆపేస్తే, లెక్క ప్రకారం ఉదయం ఆరింటికి ఇంకా 56 డిగ్రీల దగ్గర ఉండాలి. ట్యాంకు చుట్టూ నింపిన పఫ్ అనే గట్టి నురగ చేసే పని అది. కాబట్టి రాత్రి కాచి పొద్దున వాడుకోవడం దుబారా ఏమీ కాదు, తెల్లవారుజామున కరెంటు పోతుందన్న భయం ఉన్న ఇళ్లలో అదే మంచి పద్ధతి. ఇక రోజంతా ఆన్‌లో ఉంచితేనే కరెంటు తక్కువ పడుతుందని కొందరు నమ్మకంగా చెబుతారు, అది తప్పు. ట్యాంకు ఎంత వేడిగా ఉంటే అంత వేగంగా వేడి పోతుంది, చల్లబడనిచ్చిన ట్యాంకు పోగొట్టుకునేది ఎప్పుడూ తక్కువే. కాకపోతే మంచి ట్యాంకులో ఆ తేడా రోజుకు అర యూనిట్ లోపే, మర్చిపోయి ఆన్‌లో వదిలేసినందుకు ఇంట్లో గొడవ పడేంత కాదు. పాత ట్యాంకులో, నురగ తడిసి పాడైనదాంట్లో మాత్రం లెక్క మారిపోతుంది. గీజర్ పై రేకు మీద చెయ్యి పెడితే వెచ్చగా తగులుతోందంటే వేడి అక్కడినుంచే పోతోంది.

థర్మోస్టాట్‌ను 70కి తిప్పితే అదే 15 లీటర్లతో ఎక్కువ స్నానపు నీళ్లు కలుపుకోవచ్చు, చిన్న గీజర్ పెద్దదైనట్టు అనిపిస్తుంది. అందుకు మూల్యం రెండు రకాలుగా పడుతుంది, వేడి పోవడం పెరుగుతుంది, ఉప్పునీళ్లలో సున్నం పేరుకోవడం ఇంకా పెరుగుతుంది. అలాగని పొదుపు పేరుతో 45లో ఉంచేయడం కూడా మంచిది కాదు, నిలవ ఉన్న గోరువెచ్చని నీళ్లలో లెజియోనెల్లా అనే ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే బ్యాక్టీరియా పెరుగుతుంది, 60 డిగ్రీల్లో అది బతకదు. 60 దగ్గర పెట్టి వదిలేయడమే సరైన పని. చిన్నపిల్లలున్న ఇంట్లో మాత్రం ముందు చన్నీళ్లు పట్టి తర్వాత వేడినీళ్లు కలపాలి, 60 డిగ్రీల నీళ్లు కొన్ని సెకన్లలోనే చర్మాన్ని కాలుస్తాయి.

వంటింట్లో పెట్టే 3 లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్‌కూ దీనికీ పోలిక పెట్టకూడదు, అందులో దాచడమన్నదే లేదు. 3 కిలోవాట్ల కాయిల్ నిమిషానికి 3 లీటర్ల ధారను 14 డిగ్రీలు మాత్రమే పెంచగలదు, గిన్నెలకు సరే, జనవరి పొద్దున షవర్‌కు చాలదు. గ్యాస్ గీజర్ వేడి బాగానే ఇస్తుంది కానీ గాలి ఆడని బాత్‌రూమ్ లోపల పెడితే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది, వాసన లేదు, హెచ్చరిక లేదు. దాన్ని బయట బాల్కనీలో తప్ప బిగించనివ్వకూడదు.

మళ్లీ నిల్వ దగ్గరికి. గీజర్ కింద చన్నీళ్ల పైపు దగ్గర ఒక ఇత్తడి వాల్వ్ ఉంటుంది, దానికి చిన్న ముక్కు. నీళ్లు కాగుతున్నప్పుడు ఆ ముక్కు నుంచి బొట్టుబొట్టుగా కారుతుంది. లీకేజీ అనుకుని చాలా ఇళ్లలో దానికి ఎం-సీల్ పెట్టి మూసేస్తారు, నేల తడుస్తోందని. పైన చెప్పిన ఒకటిన్నర శాతం లెక్క ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 25 లీటర్లు 22 నుంచి 60కి కాగితే దాదాపు 370 మిల్లీలీటర్లు ఎక్కువవుతాయి, అంటే ఒకటిన్నర గ్లాసు. నీళ్లను నొక్కి కుదించలేం, ట్యాంకు సాగదు, ఆ వాల్వ్‌లోనే ఉన్న ఇంకో ఏర్పాటు వేడినీళ్లను వెనక్కి చన్నీళ్ల పైపులోకి పోనివ్వదు. ఆ గ్లాసున్నర నీళ్లు ఎటో ఒకవైపు పోవాలి, అందుకే ఆ ముక్కు. దాన్ని మూసేస్తే కాగినప్పుడల్లా ట్యాంకు గోడలు, అతుకులు బిగుసుకుంటాయి, వదులవుతాయి, ఏదో ఒకరోజు అతుకు విడుతుంది. అంతకంటే ఘోరమైంది ఇంకోటి ఉంది. థర్మోస్టాట్ అంటుకుపోయి కాయిల్ ఆగకపోతే, దానిపైన కాపలా ఉన్న కటౌట్ కూడా పనిచేయకపోతే, ఒత్తిడిలో ఉన్న నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగవు. 8 బార్ల ఒత్తిడిలో, అంటే మామూలు గాలి ఒత్తిడికి దాదాపు ఎనిమిది రెట్ల ఒత్తిడిలో, 170 డిగ్రీల దాకా నీళ్లుగానే ఉంటాయి. ఆ స్థితిలో ట్యాంకు పగిలితే నీళ్లలో కొంత భాగం క్షణంలో ఆవిరై 1600 రెట్లు ఉబ్బుతుంది. గీజర్ పేలింది అని పేపర్లో చదివే వార్తల వెనక ఉండే బలం అదే. ఆ బొట్లు కారే ముక్కుకు ఒక సన్నని పైపు తగిలించి నీళ్లు జాలీలోకి వదిలితే ఖర్చు నూట యాభై, రెండొందలకు మించదు.

ఇక బెంగళూరు నీళ్ల సంగతి. ఒకే అపార్ట్‌మెంట్‌లో కావేరి నీళ్లు, బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు కలిసి ఒకే సంపులో పడతాయి. 2024 అక్టోబర్‌లో కావేరి నీటి సరఫరా ఐదో దశ మొదలయ్యాక నగరం అంచున 2007లో కలిసిన 110 ఊళ్ల వైపు పైపులు వచ్చాయి కానీ బోరు మీద ఆధారపడే ఇళ్లు ఇంకా చాలా ఉన్నాయి. బోరు నీళ్లలో కరిగి ఉన్న సున్నం చల్లగా ఉన్నంతసేపు కనిపించదు, వేడి తగిలితే విడిపోయి పెంకులా గడ్డకడుతుంది, అన్నిటికంటే వేడి ఎక్కువ ఉండే చోట ఎక్కువ కడుతుంది. ఆ చోటు కాయిల్. పెంకు కింద చిక్కిన నీళ్లు అక్కడికక్కడే మరిగి బుడగలు పగులుతుంటాయి, గీజర్ ఆన్ చేయగానే లోపల గులకరాళ్లు దొర్లినట్టు చప్పుడు వచ్చేది అందుకే. పెంకు దళసరి అయ్యేకొద్దీ కాయిల్ తన వేడి తానే తట్టుకోలేక కాలిపోతుంది. రాలిన సున్నం అడుగున చేరి 25 లీటర్ల ట్యాంకులో రెండు మూడు లీటర్ల చోటు తినేస్తుంది. బోరు నీళ్ల ఇంట్లో ఏడాదికోసారి విప్పి శుభ్రం చేయించడం తప్పదు.

అలా విప్పించినప్పుడు తప్పకుండా చూడాల్సిన వస్తువు యానోడ్ కడ్డీ. చాలామందికి గీజర్‌లో అదొకటి ఉందనే తెలియదు. ఎక్కువ గీజర్ల ట్యాంకు ఇనుముతో చేసి లోపల గాజు పూత వేసిందే. ఆ పూతలో కంటికి కనపడని పగుళ్లు ఉంటాయి, నీళ్లు ఆ పగుళ్లలోంచి ఇనుమును తుప్పు పట్టించకుండా లోపల ఒక మెగ్నీషియం కడ్డీ వేలాడదీస్తారు. మెగ్నీషియం ఇనుము కంటే ముందుగా తినబడే లోహం, తుప్పు దాన్ని తింటున్నంతకాలం ట్యాంకు జోలికి రాదు. కొత్తప్పుడు బొటనవేలంత లావున, నున్నగా, వెండి రంగులో ఉంటుంది. రెండేళ్ల తర్వాత ఉప్పునీళ్ల ఇంట్లో తీస్తే చెరుకు ముక్కను ఎలుక కొరికినట్టు గుంటలు పడి, అక్కడక్కడ నడిమి ఇనుప తీగ బయటపడి, మిగిలిన చోట తెల్లటి పొడి పట్టి ఉంటుంది. అది పూర్తిగా అరిగిపోయిన రోజు నుంచి తుప్పు ట్యాంకును తినడం మొదలుపెడుతుంది, ట్యాంకు కారితే అతకడం కుదరదు, గీజర్ మొత్తం మార్చాల్సిందే. కడ్డీ ఖరీదు కొన్ని వందలు. సర్వీసుకు వచ్చినవాళ్లు అడిగితే తప్ప దాన్ని తీసి చూపించరు, అడగాలి. వేడినీళ్లలో మాత్రమే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంటే అది కూడా ఈ కడ్డీ దగ్గరే పుడుతుంది, కొన్ని బోరు నీళ్లలో ఉండే బ్యాక్టీరియా, మెగ్నీషియం కలిసి తెచ్చే వాసన అది, ప్రమాదం లేదు కానీ ట్యాంకును పూర్తిగా ఖాళీ చేసి కడగాలి.

మిద్దె మీది సోలార్ కూడా ఇదే పొరల ఆట, కాకపోతే పెద్ద ఎత్తున. కర్ణాటకలో కొత్త ఇళ్లకు సోలార్ వాటర్ హీటర్ తప్పనిసరి అని 2007లోనే నిబంధన వచ్చింది, బెంగళూరులో ఏ ఎత్తైన చోటు నుంచి చూసినా మిద్దెల మీద వరసగా ఆ స్టీలు రంగు పీపాలు కనిపించడానికి అదో కారణం. అందులో పంపు లేదు, మోటారు లేదు. కింద వాలుగా ఉన్న పలకలోనో గాజు గొట్టాల్లోనో నీళ్లు ఎండకు వేడెక్కి తేలికై పైనున్న ట్యాంకులోకి ఎక్కుతాయి, ట్యాంకు అడుగునున్న చన్నీళ్లు వాటి చోటికి దిగుతాయి, ఎండ ఉన్నంతసేపు ఈ తిరుగుడు తనంతట తానే సాగుతుంది. గాజు గొట్టాల రకంలో ఇంకా ముచ్చటైన సంగతి ఏమిటంటే ఒకే గొట్టంలో పై సగం గుండా వేడినీళ్లు ఎక్కుతుంటే కింది సగం గుండా చన్నీళ్లు దిగుతుంటాయి. ఆ గొట్టం రెండు గోడల గాజు, నడుమ గాలి తీసేసి ఉంటుంది, అచ్చం థర్మాస్ ఫ్లాస్కు లాగే. మబ్బు రోజుల్లోనూ ఓ మాదిరిగా వేడి పట్టేది ఆ ఖాళీ వల్లనే. రాగి గొట్టాల పలక రకం ఎక్కువ కాలం మన్నుతుంది కానీ సన్నని గొట్టాలు బోరు నీళ్ల సున్నానికి పూడుకుపోతాయి, గాజు గొట్టాలు ఆ విషయంలో ఓర్చుకుంటాయి. గాజు రకానికి ఉన్న ఒకే పెద్ద ప్రమాదం, నీళ్లు లేక ఎండిపోయిన గొట్టాల్లోకి మిట్టమధ్యాహ్నం చన్నీళ్లు వదలడం. పెళ్లున పగులుతాయి. ట్యాంకర్ ఆలస్యంగా వచ్చిన రోజు సాయంత్రం దాకా ఆగి, గొట్టాలు చల్లబడ్డాక నింపాలి.

సోలార్‌లో నీళ్లు పగలంతా కాగి, రాత్రంతా ట్యాంకులో దాగి, పొద్దున వాడకానికి వస్తాయి. 200 లీటర్లను 38 డిగ్రీలు పెంచడమంటే దాదాపు 9 యూనిట్ల వేడి, అది ఎండ ఊరికే ఇస్తోంది. అందుకే అందులో ఉండే కరెంటు కాయిల్‌తో జాగ్రత్తగా ఉండాలి. వానాకాలం మబ్బు పట్టిందని సాయంత్రం ఆ స్విచ్ వేసి మర్చిపోతే 200 లీటర్లూ కరెంటుతో కాగుతాయి, ఇద్దరి స్నానానికి రెండు యూనిట్లు సరిపోయే చోట తొమ్మిది పడతాయి. పొద్దున మిగిలిన నీళ్లు వేడిగానే ఉంటాయి కాబట్టి ఆ రోజు ఎండ కాసినా అందులోకి చేరే వేడి తగ్గిపోతుంది. దీనికంటే సోలార్ నుంచి వచ్చే పైపును బాత్‌రూమ్‌లో చిన్న గీజర్ గుండా తెప్పించడం ఎన్నో రెట్లు నయం, ఎండ తగ్గిన రోజున తక్కువ పడిన నాలుగైదు డిగ్రీలు మాత్రమే గీజర్ కలుపుతుంది.

మిద్దె మీద సోలార్ ట్యాంకు పక్కన నిలువుగా నిలబడి ఉండే సన్నని పైపు ఒకటుంటుంది, ఎయిర్ వెంట్. ఆవిరి పోవడానికి, ట్యాంకు ఖాళీ అవుతుంటే గాలి లోపలికి రావడానికి అది తెరిచే ఉండాలి. పావురాలు గూడు కడుతున్నాయని మూసేస్తే నీళ్లు దిగేటప్పుడు ట్యాంకు లోపలికి నొక్కుకుపోతుంది. ఆ పైపులోంచి నీళ్లు పొంగి మిద్దె తడుస్తుంటే తప్పు సాధారణంగా మిద్దె మీద ఉండదు, కింద ఏదో బాత్‌రూమ్‌లో ఉంటుంది. చన్నీళ్ల లైనుకు ప్రెషర్ పంప్ పెట్టించి, వేడినీళ్ల లైను మాత్రం మామూలుగా మిద్దె మీంచి దిగేలా వదిలేసిన ఇళ్లలో, ఎవరో మిక్సర్‌ను, అంటే వేడినీళ్లనూ చన్నీళ్లనూ కలిపే కుళాయిని, సగం తెరిచి షవర్ మూతి దగ్గర మూస్తే చన్నీళ్లు బలంగా వేడినీళ్ల పైపులోకి ఎదురెక్కి సోలార్ ట్యాంకులోకి పోతాయి. పైన పొంగేది కాక రాత్రంతా దాచిన వేడి పొర కూడా చెడిపోతుంది. మిక్సర్ దగ్గర నీళ్లను వెనక్కి పోనివ్వని నాన్-రిటర్న్ వాల్వ్ లేకుండా ప్రెషర్ పంప్ పెట్టించడం ఇంట్లో సోలార్ ఉన్నవాళ్లు చేయకూడని పని.

హీట్ పంప్ ఈ వరసలో కొత్తది. ఏసీని తిరగేసినట్టు ఉంటుంది, బయటి గాలిలోని వేడిని కంప్రెసర్‌తో పిండి ట్యాంకు చుట్టూ చుట్టిన గొట్టాల్లోకి ఎక్కిస్తుంది. ఒక యూనిట్ కరెంటుకు మూడు యూనిట్ల దాకా వేడి వస్తుంది, ఎందుకంటే అది వేడిని పుట్టించడం లేదు, ఉన్నదాన్ని మోస్తోంది. మరీ చలి, మరీ ఎండ లేని బెంగళూరు గాలి దానికి బాగా సరిపోతుంది. అయితే అది నెమ్మది, ఒక ట్యాంకు కాగడానికి కొన్ని గంటలు పడుతుంది, అందుకని నిల్వ పెద్దదిగా ఉండి తీరాలి. 60 డిగ్రీలు దాటి నెట్టేకొద్దీ లాభం కరిగిపోతుంది. అద్దె ఇంట్లో ఉండి రెండేళ్లకోసారి మారేవాళ్లకు దాని ఖరీదు గిట్టదు, సొంతిల్లు ఉండి మిద్దె మీద హక్కు లేని ఫ్లాట్ వాళ్లకు, జనం ఎక్కువున్న ఇంటికి అది సోలార్ తర్వాత మంచి దారి.

ఎంత బాగా దాచినా ట్యాంకు నుంచి కుళాయి దాకా ఉన్న పైపు మాత్రం ఎవరి లెక్కలోకీ రాదు. బెంగళూరులో బీటీఎం, మారతహళ్లి వైపు మన తెలుగు పిల్లలు ఉండే పీజీల్లో నాలుగంతస్తుల పైన సోలార్ ఉంటుంది, గ్రౌండ్ ఫ్లోర్ గదికి పైపు అటూ ఇటూ తిరిగి 25 మీటర్లు వస్తుంది. ముప్పావు అంగుళం పైపులో ఆ పొడుగుకు దాదాపు 7 లీటర్లు పడతాయి. రాత్రంతా నిలిచి చల్లబడిన ఆ 7 లీటర్లు ముందు బయటికి వస్తేనే వేడి తగులుతుంది, స్నానం అయ్యాక మళ్లీ 7 లీటర్ల వేడినీళ్లు పైపులో మిగిలి చల్లబడిపోతాయి. పొద్దున ఒకరి తర్వాత ఒకరు వెంటవెంటనే వెళ్తే ఈ నష్టం ఒక్కసారే. గంటకొకరు వెళ్తే ప్రతిసారీ. ఆ మొదటి నీళ్లను జాలీలోకి వదిలేయకుండా బకెట్లో పడితే స్నానంలో కలుపుకోవాల్సిన చన్నీళ్లు అవే, మళ్లీ వేరే కుళాయి తిప్పనక్కర్లేదు. కొత్తగా ఇల్లు కట్టేవాళ్లయితే సోలార్ ట్యాంకును బాత్‌రూమ్‌లకు సరిగ్గా నెత్తి మీద పెట్టించి, వేడినీళ్ల లైను గోడలో పూడ్చేముందు నల్లటి ఫోమ్ తొడుగు వేయించాలి. ప్లాస్టరింగ్ అయిపోయాక ఆ తొడుగు వేయడం ఎవరివల్లా కాదు.